చెప్పినట్టు వినే కండరాలు, దొడ్డిదారిన లొంగే కండరాలు: ఒంటి మీద చేసి చూసే సమగ్ర మార్గదర్శి

చెయ్యి ఎత్తమంటే లేస్తుంది. నలుగురిలో కూర్చున్నప్పుడు కడుపును గుడగుడమనొద్దంటే మాత్రం వినదు. ఈ తేడానే బడి పుస్తకం నియంత్రిత కండరాలు, అనియంత్రిత కండరాలు అని రెండు వరుసల పట్టికగా ఇస్తుంది. హన్మకొండలో బైపీసీ చదివే పిల్లలకు ఆ పట్టిక కంఠస్థమే. అదే పిల్లలను కంటిరెప్ప ఏ వరుసలోకి వస్తుందని అడగండి, తడబడతారు. రెప్పను మనం కొట్టొచ్చు. మనం కొట్టకపోయినా అది నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు కొట్టుకుంటూనే ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, కండరం రకం ఒక సంగతి, దాని దాకా వచ్చే ఆజ్ఞ ఎక్కడ పుట్టిందన్నది ఇంకో సంగతి. ఎముకలను కదిపే చారల కండరాలు ఒంట్లో 600కు పైనే ఉంటాయి. నరం నుంచి ఆజ్ఞ రానిదే అవి కదలవు. ఆ ఆజ్ఞ మెదడు నుంచే రావాలని లేదు, వెన్నుపాము నుంచి కూడా రావొచ్చు. పేగుల్లో, మూత్రాశయంలో, రక్తనాళాల గోడల్లో, కంటిపాప చుట్టూ ఉండేవి నునుపు కండరాలు. వీటిని చూసుకునేది మన ప్రమేయం లేకుండా తనంతట తనే నడిచే స్వయంచోదిత నాడీ వ్యవస్థ. గుండెకు చారలున్నాయి కానీ మాట వినే గుణం లేదు, తన తాళం తనే వేసుకుంటుంది. నునుపు కండరానికి నేరుగా ఆర్డర్ వేయలేం. దొడ్డిదారి మాత్రం ఉంది: ఊపిరి, వెలుతురు, ఒంటి భంగిమ, వేళ. ముందు మాట వినే కండరాలను చూసి, తర్వాత ఆ దారుల్లోకి వెళ్దాం.

కావలసినవి

30 సెంటీమీటర్ల స్కేలు, సెకన్ల ముల్లున్న గడియారం, ఫోన్ టార్చి, ఒక హవాయి చెప్పు, మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ మగ్గు, తోడుగా ఒక మనిషి. తిన్న గంట తర్వాత మొదలుపెట్టండి. గుండె జబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి పరీక్ష జోలికి పోవద్దు.

ఆజ్ఞ ఎంత వేగంగా వెళ్తుంది

తోడు మనిషి స్కేలును పై కొసన పట్టుకుని వేలాడదీయాలి. సున్నా గీత మీ బొటనవేలు, చూపుడువేలు మధ్య ఉండాలి, వేళ్లు స్కేలును తాకకూడదు. చెప్పకుండా వదలమనండి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో రాసుకోండి. ఆరుసార్లు చేసి, మొదటిది వదిలేసి, మిగతా ఐదింటి సగటు తీయండి. 10 సెంటీమీటర్లకు 0.14 సెకను, 15కు 0.17, 20కి 0.20, 25కు 0.23. పదికన్నా తక్కువ వస్తే సంబరపడకండి. వదలబోయే ముందు ఎదుటి మనిషి మణికట్టు చిన్నగా కదులుతుంది, మీరు దాన్ని చూసి పట్టారన్నమాట. స్కేలు కింది కొసనే చూస్తూ మళ్లీ చేయండి.

మెదడును అడగని తన్ను

కాళ్లు నేలకు తగలకుండా ఎత్తైన అరుగు మీదో, బల్ల అంచునో మనిషిని కూర్చోబెట్టండి. మోకాలి చిప్ప కింది అంచుకూ, కింది ఎముక మీద చేతికి తగిలే బుడిపెకూ నడుమ మెత్తటి పల్లం ఉంటుంది. బొటనవేలితో నొక్కితే తాడులాంటిది తగులుతుంది. అదే తొడ ముందరి కండరం చివరి స్నాయువు. హవాయి చెప్పును మడమ దగ్గర పట్టుకుని, అంచుతో ఆ తాడు మీద టక్కున ఒక దెబ్బ వేసి వెంటనే వెనక్కి తీయండి. బలం అక్కర్లేదు, విసురు చాలు. కాలు ముందుకు ఎగురుతుంది.

దెబ్బకు ఆ కండరం ఒక్క క్షణం సాగుతుంది. సాగిందన్న కబురు వెన్నుపాముకు చేరి, ఒకే ఒక్క కూడలి దాటి, ‘ముడుచుకో’ అన్న ఆజ్ఞగా తిరిగొస్తుంది. ఇదంతా అయ్యేది 0.05 సెకనులో, అంటే స్కేలు పట్టుకోవడానికి పట్టిన కాలంలో పావు వంతు. అదే సమయంలో తొడ వెనక కండరానికి వదులుకొమ్మని ఇంకో కబురు వెళ్తుంది. లేకపోతే రెండూ చెరో వైపు లాగి కాలు కదలదు. మెదడుకు సంగతి తెలిసేసరికి తన్ను అయిపోతుంది.

చాలాసార్లు ఇది రాకపోవడానికి కారణం కూర్చున్న మనిషి కాలు బిగబట్టడమే. దెబ్బ కోసం ఎదురుచూస్తుంటే తొడ తెలియకుండానే గట్టిపడుతుంది. రెండు చేతుల వేళ్లనూ కొక్కేల్లా ఒకదానిలో ఒకటి వేసి గట్టిగా చెరో పక్కకు లాగమనండి, ఆ లాగే క్షణంలోనే కొట్టండి. బుద్ధి చేతుల మీదకు పోతుంది, వెన్నుపాము మీద పై పట్టు కొంచెం సడలుతుంది, తన్ను బలంగా వస్తుంది. రెండు కాళ్లూ సమానంగా తంతే ఎక్కువైనా తక్కువైనా దిగులు లేదు. ఒక కాలు తన్ని రెండోది తన్నకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. షుగరు పాతబడిన వాళ్లలో ముందుగా తగ్గేది మడమ వెనక తాడు దగ్గరి స్పందన, మోకాలిది ఆ తర్వాత.

కంటిపాప

చీకటి గదిలో రెండు నిమిషాలు ఉండి, తోడు మనిషి ఒక కంటికి పక్కనుంచి టార్చి వేయండి. పాప చిన్నదవుతుంది. ఇప్పుడు ముక్కు మీద అరచెయ్యి అడ్డంగా నిలబెట్టి, కుడి కంటికి వెలుగు వేస్తూ ఎడమ కన్ను చూడండి. అదీ ముడుచుకుంటుంది. కబురు ఒక కంటి నుంచి పోయినా తిరుగు ఆజ్ఞ రెండింటికీ వస్తుంది. చిన్నవి చేయమని పాపలకు చెప్పలేం. కానీ ముక్కు కొస దగ్గర వేలు పెట్టి దాన్నే చూడండి, చిన్నవవుతాయి. ఇదొక దొడ్డిదారి. పాపల సంగతి చివర్లో మళ్లీ అక్కరకొస్తుంది, గుర్తుంచుకోండి.

గుండె దగ్గరికి ఊపిరి దారి

గుండెలోని తాళం వేసే కణుపును దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొడుతుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నరం దానికి ఎప్పుడూ కళ్లెం వేసి 70 దగ్గర ఉంచుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఆ కళ్లెం సడలుతుంది, వదిలినప్పుడు బిగుస్తుంది.

బొటనవేలి వైపు మణికట్టు మీద చూపుడు, మధ్య వేళ్లు ఆనించి నాడి పట్టండి. బొటనవేలితో పట్టొద్దు, దాని నాడే దానికి తగిలి లెక్క తప్పుతుంది. 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేసి రాసుకోండి. తర్వాత వెల్లకిలా పడుకుని ఒక చెయ్యి రొమ్ము మీద, ఒకటి బొడ్డు మీద పెట్టండి. ముక్కుతో 4 సెకన్లు పీల్చి 6 సెకన్లు వదలండి. నిమిషానికి ఆరు ఊపిర్లు, ఐదు నిమిషాలు. బొడ్డు మీది చెయ్యే లేవాలి. రొమ్ము మీదిది లేస్తోందంటే డయాఫ్రం (రొమ్ముకూ పొట్టకూ నడుమ ఉండే ఊపిరి కండరం) పని మెడ కండరాలు చేస్తున్నాయని అర్థం. మూడో నిమిషంలో లెక్కపెట్టకుండా నాడి మీద వేళ్లు ఊరికే ఉంచండి: పీల్చేటప్పుడు దెబ్బలు దగ్గరపడతాయి, వదిలేటప్పుడు దూరమవుతాయి. ఇరవై ఏళ్ల వాళ్లకు ఇది స్పష్టంగా తెలుస్తుంది, అరవై దాటితే లీలగా ఉంటుంది.

పెదాలు, వేళ్ల కొసలు తిమ్మిరెక్కితే ఊపిరి లోతు ఎక్కువైందని లెక్క. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయింది. వేగం మార్చకండి, పీల్చే గాలి తగ్గించండి. మూతికి కవరు పెట్టుకుని ఊపిరి తీసే పాత చిట్కా వద్దు.

ఇక్కడే పల్లెల్లో ప్రాణాలు తీసే పొరపాటు ఒకటుంది. ఎండాకాలం సెలవుల్లో మోటబావిలో ఎవరు ఎక్కువసేపు మునుగుతారని పందెం కట్టి, దూకే ముందు పిల్లలు గబగబా పది పదిహేను లోతైన ఊపిర్లు తీస్తారు. దానివల్ల ఆక్సిజన్ నిల్వ పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా పడిపోతుంది. ‘ఇక చాలు, పైకి రా’ అని తొందరపెట్టేది ఆ కార్బన్ డయాక్సైడే. అది లేక తొందర పుట్టదు, లోపల ఆక్సిజన్ అయిపోతుంది, పిల్లవాడు పెనుగులాట కూడా లేకుండా నీళ్లలోనే స్పృహ తప్పుతాడు. గట్టు మీదివాళ్లు ఇంకా పందెం లెక్క పెడుతూనే ఉంటారు. మునిగే ముందు మామూలు ఊపిరి ఒకటి చాలు. ఒక్కరే ఎప్పుడూ దిగొద్దు.

సకినం ముక్క, మిర్చి ఘాటు

సకినం కొరకడం మీ ఇష్టం, నమలడం మీ ఇష్టం. నాలుకతో వెనక్కి నెట్టే దాకా మధ్యలో ఆపొచ్చు. గొంతు వెనక గోడ తాకిందా, ఇక మీ చేతిలో లేదు. అన్నవాహిక పై మూడో వంతు చారల కండరమే, అయినా మీ మాట వినదు. కిందిదంతా నునుపు కండరం. ముద్ద కడుపులో పడటానికి ఎనిమిది, పది సెకన్లు పడుతుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు విప్పినప్పుడు వచ్చే తుమ్ము ఇంకో వింత. రొమ్ము, పొట్ట, గొంతు, మొహం కండరాలు, అంటే మాట వినేవే, అన్నీ కలిసి మాట వినకుండా చేసే పని అది. తుమ్ము వస్తోందనగానే పై పెదవికీ ముక్కుకూ మధ్య వేలితో గట్టిగా నొక్కితే ఒక్కోసారి ఆగుతుంది. ముక్కూ నోరూ రెండూ మూసి మాత్రం ఆపొద్దు, ఆ ఒత్తిడి చెవిలోకి తన్ని కర్ణభేరి చిల్లు పడొచ్చు.

మూత్రాశయానికి శిక్షణ

అసలు పని ఇక్కడుంది. సంచి గోడ నునుపు కండరం, మాట వినదు. బయటి కవాటం చారల కండరం, వింటుంది. 150, 200 మిల్లీలీటర్లకు మొదటి కబురు వస్తుంది, 400, 500 దాకా పెద్దవాళ్లు పట్టగలరు. తరచూ పోవాలనిపించడం, తలుపు దగ్గరికి వెళ్లేలోపే చుక్కలు పడటం కాన్పుల తర్వాత చాలామంది ఆడవాళ్లకు ఉంటుంది. చెప్పుకోరు. పత్తి ఏరడానికి పోయే రోజు మరుగు దొరకదని నీళ్లే తాగరు. చిక్కబడ్డ మూత్రం సంచిని ఇంకా గిల్లుతుంది, ఇన్ఫెక్షనూ తోడవుతుంది. ముందుగా మూత్ర పరీక్ష చేయించి, మంట, ఇన్ఫెక్షన్, షుగరు లేవని తేల్చుకోండి.

మొదటి మూడు రోజులు కొలత. ఎప్పుడు పోయారు, మగ్గులో ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత తాగారు, ఎన్ని టీలు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు, ఒక్కోసారి 250 నుంచి 400 అయితే మామూలే. గంటకోసారి 100, 120 పోతుంటే సంచి చిన్నదని కాదు, తొందరపాటు అలవాటైందని.

నాలుగో రోజు నుంచి గడియారం. ఇప్పుడు గంటకోసారి పోతుంటే గంటంబావుకు పెట్టండి. తొందర ఉన్నా లేకున్నా ఆ వేళకే పోవాలి. వారానికి పావుగంట చొప్పున పెంచుతూ మూడు గంటల దాకా తీసుకెళ్లండి. మధ్యలో తొందర వస్తే పరుగెత్తొద్దు. నడక కుదుపుకే కొందరికి కారుతుంది. ఉన్నచోటే నిలబడి, మూత్రం, గ్యాస్ ఆపే కింది కండరాన్ని టకటకా ఐదారుసార్లు బిగించి వదలండి. బయటి కవాటం బిగిస్తే సంచి గోడకు ‘ఆగు’ అన్న కబురు దానంతటదే పోతుంది. మాట వినే కండరంతో వినని కండరాన్ని ఆపడమంటే ఇదే. తొందర అలలా లేచి నిమిషంలోపు దిగుతుంది. దిగాక మెల్లగా నడవండి.

ఆ కింది కండరం దొరకబుచ్చుకోవడమే కష్టం. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామం గురించి రాశాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. నలుగురిలో ఉండగా గ్యాస్ పోకుండా బిగబట్టినట్టు చేయండి. లోపలికి, పైకి లాగినట్టు ఉండాలి. 5 సెకన్లు బిగించి, 5 సెకన్లు పూర్తిగా వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. వారానికో సెకను పెంచి 10 దాకా పోవచ్చు. మొదట పడుకుని, తర్వాత కూర్చుని, చివరికి దగ్గేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు.

తప్పులు నాలుగు జరుగుతాయి. పైకి లాగడానికి బదులు కిందికి ముక్కడం, ఇది మేలు చేయకపోగా కీడు. పిరుదులు, తొడలు బిగించి పని అయిందనుకోవడం. ఊపిరి బిగబట్టడం: పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఇది తప్పుతుంది. నాలుగోది మూడు వారాలకే మానేయడం. ఫలితం కనబడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు కావాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం కండరాన్ని గుర్తుపట్టడానికి ఒక్కసారి చాలు, రోజూ చేస్తే సంచి పూర్తిగా ఖాళీ కాదు. అక్కడ నొప్పి ఉన్నవాళ్లకు, మూత్రం సులువుగా రానివాళ్లకు ఈ వ్యాయామం పనికిరాదు, వాళ్లది బిగుతు ఎక్కువైన బాధ కావొచ్చు. నడుం నొప్పితోపాటు సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారి, మూత్రం బిగుసుకుపోతే ఆ రోజే పెద్దాసుపత్రికి.

పిక్క పట్టేస్తే, కళ్లు తిరిగితే

అర్ధరాత్రి పిక్క రాయిలా అయిపోవడం మాట వినే కండరం మొరాయించడం. ముందుగా పిసక్కండి. మోకాలు చాపి, తువ్వాలను పాదం కింద వేసి వేళ్లను మోకాలి వైపు లాగి 30 సెకన్లు ఉంచండి. తాడు సాగిన కబురు వెన్నుపాముకు పోయి, ఆజ్ఞలు తగ్గుతాయి. వదులయ్యాకే రుద్దండి. ఎండలో పనిచేసి చెమటతో ఉప్పు పోయిన రోజున ఉప్పు వేసిన సల్ల లేదా ఓఆర్ఎస్ తాగాలి: ప్యాకెట్ లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు అంచుకు సమంగా.

మేడారం జాతరలాంటి చోట గంటలు గంటలు లైన్లో కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలో నిలుస్తుంది, ఆపై రక్తనాళాలు వదులై, నాడి పడిపోయి మనిషి కూలుతాడు. ఆవలింతలు, చల్లచెమట, చూపు మసకబారడం ముందే వచ్చే గుర్తులు. కూర్చోగలిగితే కూర్చోండి. లేదంటే కాళ్లు కత్తెరగా వేసి తొడలు, పిరుదులు గట్టిగా బిగించండి, వేళ్లు కొక్కెం వేసి లాగండి, మసక పోయేదాకా వదలొద్దు. పడిపోయిన మనిషిని లేపి నిలబెట్టకండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి.

పాము కాటు, పురుగుమందు: ఏ కండరాలు ముందు పోతాయి

నరం కొస నుంచి కండరానికి కబురు మోసే పదార్థం అసిటైల్‌కోలిన్. నాగుపాము, కట్లపాము విషం చారల కండరం దగ్గర ఆ కబురును ఆపుతుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. రెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనబడుతుంది, మింగుడు పడదు, మెడ నిలవదు, చివరికి డయాఫ్రం ఆగుతుంది. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లను రాత్రి కరుస్తుంది, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి అంటూ లేచిన మనిషి కళ్లు మూతలు పడుతుంటే నిద్రమత్తు అనుకోవద్దు. రెప్ప వేయకుండా పైకి చూడమనండి. నిమిషంలోపు రెప్పలు జారితే 108కు ఫోన్ చేయండి. కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రం, ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి తీసుకెళ్లండి. ఊపిరి ఆగితే నోటితో ఊదుతూ ఉండాలి. కదలని ఆ మనిషికి అన్నీ వినబడుతుండొచ్చు. పాము విషానికి విరుగుడైన యాంటీవీనం అంది, వెంటిలేటర్ మీద ఊపిరి నిలిస్తే బతుకుతాడు.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి పురుగుమందులు దీనికి తిరగబడ్డ పని చేస్తాయి. అసిటైల్‌కోలిన్‌ను తుడిచేసే ఎంజైమును ఆపేస్తాయి, కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకే రెండు రకాల కండరాలూ ఒకేసారి చెడతాయి: కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, చొంగ, చెమట, విరేచనాలు, చర్మం కింద కండరాలు పురుగులు పాకినట్టు అదరడం. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని బట్టలు విప్పేయండి, సబ్బుతో ఒళ్లు కడగండి. ఉప్పు నీళ్లు తాగించి కక్కించొద్దు. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి, ఏ మందో డాక్టరుకు తెలియాలి.

ఆసుపత్రిలో విరుగుడుగా అట్రోపిన్ అనే మందు ఇస్తే చొంగ ఆరుతుంది, పాపలు విచ్చుకుంటాయి, మనిషి మాట్లాడతాడు. ఇంటివాళ్లు తగ్గిందని తీసుకెళ్లడానికి తయారవుతారు. అట్రోపిన్ సర్దేది నునుపు కండరాలను, గ్రంథులను. చారల కండరాల మీద దానికి పట్టు లేదు. 24 నుంచి 96 గంటల మధ్య మెడ, డయాఫ్రం మళ్లీ బలం కోల్పోవచ్చు. దాన్ని ముందుగా పట్టించే పరీక్ష మంచం పక్కన కూర్చున్న ఎవరైనా చేయొచ్చు: నాలుగు రోజులూ పూటకు రెండుసార్లు, చేతులు ఆనించకుండా తల దిండు మీంచి ఎత్తి ఐదు సెకన్లు ఉంచమనండి. నిన్న ఎత్తినవాడు ఇవాళ ఎత్తలేకపోతే, మాట బాగానే ఉన్నా, వెంటనే నర్సును పిలవండి.